మట్టి గేముల రీ-రిలీజ్ కొనాలా? ముందు వేలిముద్ర మిగిలిందో లేదో చూడండి

గుంటూరు బ్రాడీపేట నుంచి ఒకాయన అడిగారు: "మా అమ్మాయికి పన్నెండేళ్లు. మట్టి బొమ్మలతో చేసిన పాత వీడియో గేమ్ ఒకటి యూట్యూబ్‌లో చూసి, అదే కావాలని పట్టుబట్టింది. ఈ మధ్య పాత గేములన్నీ రీమాస్టర్ అంటూ మళ్లీ అమ్ముతున్నారు కదా, కొంటే డబ్బు దండగా? అసలు ఆ మట్టిలో అంత ఏముంది? వేసవి సెలవుల్లో ఇంట్లో మేమే అలాంటి బొమ్మల వీడియో తీయగలమా?"

మూడు ప్రశ్నలండీ. వరుసలో చెప్పలేను, ఒకదాని జవాబు ఇంకోదాంట్లో ఇరుక్కుని ఉంది.

ముందు నాకీ పిచ్చి ఎక్కడ అంటుకుందో చెప్తాను. 1998లో విజయవాడ గవర్నర్‌పేటలో కంప్యూటర్లు అసెంబుల్ చేసి అమ్మే ఒక చిన్న షాపులో పనికి చేరాను. 32 ఎంబీ ర్యామ్ ఉంటే అది రాజా మెషీన్. కొనడానికి వచ్చినవాళ్లు ఎక్సెల్ గురించి అడిగేవాళ్లు కాదు. "సౌండ్ బాగుంటుందా? గేమ్స్ ఆడుతుందా?" ఇవే ప్రశ్నలు. వాళ్లకు చూపించడానికి మా ఓనరు డ్రాయర్లో ఓ పది సీడీలు ఉంచేవారు. అన్నీ మార్కర్‌తో పేరు రాసిన కాపీ సీడీలే. దాచడం దేనికి, అప్పట్లో ఒరిజినల్ సీడీ కొంటానంటే బెజవాడలో షాపువాళ్లే మనల్ని ఎగాదిగా చూసేవాళ్లు. ఆ పదిలో ఒకదాని మీద 'నెవర్‌హుడ్' అని ఉండేది. అదేదో క్రైమ్ గేమ్ అనుకుని ఎవరూ ముట్టుకునేవాళ్లు కాదు.

ఒక మధ్యాహ్నం బేరాల్లేక దాన్ని వేశాను. ఒక గదిలో మట్టి మనిషి నేల మీద పడుకుని ఉన్నాడు. లేచాడు. ఒక్క ముక్క మాట్లాడలేదు. నేను మౌస్ నొక్కితే అటు నడిచాడు. అంతవరకు మేం ఆడిన గేముల్లో గోడ అంటే కంప్యూటర్ గీసిన గోడ. ఇక్కడ గోడ మీద సొట్టలు ఉన్నాయి. ఎవరో వేలితో నొక్కి, మెత్తి, వదిలేసిన గోడ అది. చిన్నప్పుడు మా అమ్మమ్మ వాళ్ల ఊళ్లో పొయ్యి అలికినప్పుడు మిగిలే వేళ్ల గీతల్లాంటివి. సాయంత్రం ఓనరు వచ్చి నా చెవి మెలిపెట్టేదాకా లేవలేదు.

ఆ గేమ్ వచ్చింది 1996లో. డగ్ టెనాపెల్ అనే ఆర్టిస్టు, అతని బృందం చేశారు, డ్రీమ్‌వర్క్స్ ఇంటరాక్టివ్ విడుదల చేసింది. వాడిన మట్టి మూడు టన్నుల పైమాటే. ఊరంతా మట్టితో కట్టి, ఫోటోలు తీసి, ఆ ఫోటోలను గేమ్‌లో పెట్టారు. టెర్రీ స్కాట్ టేలర్ చేసిన పాటల్లో సగం చోట్ల మాటలే ఉండవు, నోట్లో కిళ్లీ పెట్టుకుని పాడినట్టు ఏదో గొణుగుడు. ఒకసారి వింటే వారం రోజులు వదలదు. ఇంకో విచిత్రం, అందులో ఒక పొడవాటి హాలు ఉంది. గోడల నిండా ఆ లోకపు పురాణమంతా రాసి పెట్టారు. అటు చివరిదాకా నడవాలి, మళ్లీ వెనక్కి నడవాలి. చదవకపోయినా ఏమీ అనరు, నడక మాత్రం తప్పదు. ఇప్పటి గేమ్ కంపెనీ ఏదీ అలాంటి పని చేయదు, ఆటగాడు విసుక్కుంటాడని భయం. వాళ్లు భయపడలేదు. నేను రెండో రౌండులో కూర్చుని అంతా చదివాను, డిక్షనరీ పక్కన పెట్టుకుని. నా ఇంగ్లిష్ కాస్త మెరుగైందంటే అందులో ఆ హాలు వాటా ఉంది.

ఇక "మట్టిలో అంత ఏముంది" అన్నదానికి వస్తాను. తర్వాతి రోజుల్లో హైదరాబాద్‌లో ఒక చిన్న స్టూడియోలో మూడేళ్లు ఇదే పని చేశాను కాబట్టి కాస్త లోపలి సంగతి చెప్పగలను.

క్లే యానిమేషన్ అంటే బొమ్మను వెంట్రుకవాసి కదపడం, ఫోటో తీయడం, మళ్లీ కదపడం, మళ్లీ ఫోటో. సినిమాలో సెకనుకు 24 ఫ్రేములు. చాలామంది ఒక్కో భంగిమను రెండు ఫ్రేముల పాటు ఉంచుతారు, అంటే సెకనుకు 12 భంగిమలు. రోజంతా వంగి పనిచేస్తే తయారయ్యేది కొద్ది సెకన్ల బొమ్మ. ఇందులో తమాషా ఏమిటంటే, ముట్టుకున్న ప్రతిసారీ మట్టి మీద మన వేలు పడుతుంది. ఈ ఫ్రేములో ఒక ముద్ర, తర్వాతి ఫ్రేములో ఇంకోటి. వరుసగా నడిపిస్తే బొమ్మ కదలకుండా నిలబడ్డా దాని ఒంటి మీద చర్మం బుసబుసలాడుతున్నట్టు ఉంటుంది. ఈ రంగంలో వాళ్లు దీన్ని 'బాయిలింగ్' అంటారు, అన్నం ఉడుకు పట్టినట్టు. దాన్ని పూర్తిగా ఆపలేం. ఆపాలని చూసే స్టూడియోలు ఉన్నాయి, కావాలని ఉంచేవాళ్లూ ఉన్నారు. ఇంగ్లండ్ బ్రిస్టల్‌లోని ఆర్డ్‌మాన్ స్టూడియో వాళ్లు 1970లలో మొదలుపెట్టి ఇన్నేళ్లయినా బొమ్మ ముఖం మీద బొటనవేలి గీతలు కనిపించనిస్తారు. చేతకాక కాదు. అది వాళ్ల సంతకం.

మన ఇళ్లలోకి కూడా ఈ మట్టి వచ్చింది, మనమే గమనించలేదు. 2000 తర్వాత టీవీలో అమరాన్ బ్యాటరీ యాడ్స్ గుర్తున్నాయా? రంగురంగుల మట్టి మనుషులు, మట్టి కార్లు. తిరుపతి దగ్గర తయారయ్యే బ్యాటరీకి మట్టి బొమ్మల యాడ్. మా షాపులో యూపీఎస్ బ్యాటరీ కొనడానికి వచ్చినవాళ్లు కూడా "ఆ బొమ్మల బ్యాటరీ లేదా" అనేవాళ్లు. అది కార్లకండీ అని చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టేది.

మట్టి అని తెలియకుండానే మీరంతా ఆడిన ఇంకో గేమ్ ఉంది. డూమ్, 1993. నెట్ సెంటర్లకు ముందు, కంప్యూటర్ కోర్సుల సెంటర్లలో ఫ్యాకల్టీ లేనప్పుడు ఆడేవాళ్లం చూడండి, అదే. అందులో హీరోను, కొన్ని పెద్ద రాక్షసులను ఏడ్రియన్ కార్మాక్ అనే ఆర్టిస్టు ముందు మట్టితో చేశాడు. బొమ్మను తిరిగే పీట మీద పెట్టి, ఒక్కో పక్క నుంచి వీడియో కెమెరాతో పట్టి కంప్యూటర్‌లోకి ఎక్కించారు. భంగిమ మార్చిన ప్రతిసారీ మట్టి చెదిరిపోతుంటే, తర్వాత గ్రెగర్ పంచాట్జ్ చేత లోపల లోహపు ఎముకలు, పైన రబ్బరు తొడుగు ఉన్న బొమ్మలు చేయించారు. సాలెపురుగు కాళ్ల రాక్షసి అతని చేతి పనే. తెర మీద అవి బియ్యపు గింజలంత చుక్కల ముద్దలు. అయినా ఒక భుజం మీద వెలుగు, ఇంకో భుజం మీద నీడ సరిగ్గా ఉన్నచోటే ఉంటాయి. అది నిజంగా ఒక బల్ల మీద ఉన్న బొమ్మ, దాని మీద నిజంగా పడిన లైటు. ఊహించి వేసిన నీడ అంత నిలకడగా ఉండదు.

ఇప్పుడు అసలు విషయం, రీ-రిలీజ్.

మనకు రీ-రిలీజ్ కొత్తేమీ కాదు. 2022లో పోకిరి స్పెషల్ షోలకు బెజవాడ థియేటర్లలో ఎగిరిన కాగితాలు ఊడ్వడానికే రెండు రోజులు పట్టి ఉంటుంది. కానీ సినిమా రీ-రిలీజ్ అంటే అదే సినిమా, బొమ్మ కాస్త తేటగా. గేమ్ రీ-రిలీజ్ అలా కాదు. ఒకే మాట కింద మూడు నాలుగు రకాల సరుకు అమ్ముతారు. పాత గేమ్‌ను ఉన్నదున్నట్టు కొత్త విండోస్ మీద నడిచేలా చేసి ఇచ్చేది ఒకటి. 2008లో మొదలైన, గేములు అమ్మే గాగ్ అనే సైట్ చాలావరకు ఈ పనే చేస్తుంది, పైగా ఇన్‌స్టాలర్ డౌన్‌లోడ్ చేసి పెన్‌డ్రైవ్‌లో దాచుకోవచ్చు, నెట్ లేకపోయినా ఆడుకోవచ్చు. బొమ్మలు, శబ్దం శుభ్రం చేసి ఇచ్చేది రీమాస్టర్. పునాదుల నుంచి మళ్లీ కట్టేది రీమేక్. సినిమా లెక్కలో చెప్పాలంటే 1957 మాయాబజార్ తెలుపు నలుపు ప్రింటు ఒకటి, 2010లో రంగులద్ది వదిలింది ఇంకోటి. రెండోదాన్ని మా నాన్న ఇష్టంగా చూశారు. నేను పది నిమిషాలకే లేచి వచ్చేశాను. ఎవరిది తప్పని అనను. కానీ రంగుల ప్రింటు వచ్చింది కదా అని తెలుపు నలుపుది దొరకకుండా చేసి ఉంటే మాత్రం గొడవ పెట్టుకునేవాడిని.

గేముల్లో సరిగ్గా అదే జరిగింది. 2021 నవంబరులో జీటీఏ పాత గేములు మూడింటిని కలిపి 'డెఫినిటివ్ ఎడిషన్' అని వదిలారు. మన పిల్లలకు వైస్ సిటీ, శాన్ ఆండ్రియాస్ అంటే ప్రాణం కదా, ఎగబడ్డారు. దానికి ముందే పాత వెర్షన్లను అమ్మకం నుంచి తీసేశారు. కొత్తది చూస్తే తప్పుల తడక. నాకు అన్నిటికంటే గుచ్చుకున్నది ఒక షాపు బోర్డు. 'టఫ్ నట్ డోనట్స్' అని, పైన డోనట్‌కు బదులు ఆరు పలకల నట్టు బొమ్మ. అదే అక్కడి జోకు. కొత్త వెర్షన్లో మూలలన్నీ నునుపు చేసే పద్ధతి ఏదో ఆ ఆరు పలకలను కూడా నున్నగా చెక్కేసి గుండ్రం చేసింది. జోకు చచ్చిపోయింది. పలకలు ఎందుకున్నాయో ఆ పనికి తెలియదు, పక్కన కూర్చున్న మనిషీ చూసుకోలేదు. గొడవ పెద్దదయ్యాక కంపెనీ క్షమాపణ చెప్పి, కంప్యూటర్లో ఆడే పాత వెర్షన్లను మళ్లీ అందుబాటులోకి తెచ్చింది.

నట్టుకే ఆ గతి పడితే వేలిముద్రకు ఏ గతి? మట్టి గేముల రీ-రిలీజ్‌లో నా భయమంతా ఇదే. ఫోటోను పెద్దది చేసే ఏఐ పద్ధతులకు సొట్ట, గీత, గరుకు అన్నీ చెత్త కిందే లెక్క. తుడిచేస్తాయి. తుడిచాక మిగిలేది ప్లాస్టిక్ బొమ్మ. నేను ఒక పాత బొమ్మల గేమ్‌ను ఇలాగే మోజుపడి కొన్నాను, పేరు అనవసరం. తెరిచి చూస్తే హీరో ముఖం పెళ్లి ఆల్బమ్‌లో టచప్ చేసిన పెళ్లికొడుకులా ఉంది. పాత రూపానికి మారే బటన్ కూడా పెట్టలేదు. డబ్బు వెనక్కి అడిగే గడువు నా బద్ధకం వల్ల దాటిపోయింది.

అందుకని కొనేముందు ఒక్క పని చేయండి. స్టోర్ పేజీలో ఉన్న ఫోటోను ఫోన్లో కాదు, పెద్ద తెర మీద చూడండి. బొమ్మ బుగ్గ మీద, గోడ అంచు మీద వేలి గుర్తు ఉందా? పాత వెర్షన్ వీడియో పక్కన పెట్టి చూడండి. ఉంటే కొనండి. లేకపోతే వద్దు, ఎంత తగ్గింపు ఇచ్చినా వద్దు. పాత, కొత్త రూపాల మధ్య మారే బటన్ ఉంటే ఇంకా మంచిది. 2009లో మంకీ ఐలండ్ అనే పాత గేమ్‌ను మళ్లీ తెచ్చినప్పుడు ఒక్క బటన్ నొక్కితే 1990 నాటి బొమ్మ వచ్చేలా పెట్టారు. అది నాకు నచ్చిన మర్యాద. గేములు అమ్మే స్టీమ్ అనే ఆన్‌లైన్ స్టోర్‌లో కొంటే 14 రోజుల్లోపు, రెండు గంటల కంటే తక్కువ ఆడి ఉంటే డబ్బు వెనక్కి అడగొచ్చు. మొదటి గంటలోనే తేల్చుకోండి. నాలాగా ఉగాది సెలవులకు ఆడదాంలే అని పక్కన పడేయకండి.

డూమ్ రీ-రిలీజ్ ఈ విషయంలో బాగా చేసిన ఉదాహరణ, మొదట్లో కాదు గానీ తర్వాత. 2019లో మళ్లీ అమ్మినప్పుడు, ఒక్కడే కూర్చుని ఆడే పాతికేళ్ల నాటి గేమ్‌కు ఆన్‌లైన్ అకౌంట్ లాగిన్ కావాలన్నారు. జనం నవ్విన నవ్వుకు తీసేశారు. 2024 ఆగస్టులో రెండు భాగాలూ కలిపి తెచ్చారు, ముందే కొన్నవాళ్లకు ఉచితంగా. ఆ మట్టి రాక్షసులను నునుపు చేయలేదు, ఆ చుక్కల ముద్దలు అలాగే ఉన్నాయి. అయితే అది మీ అమ్మాయికి కాదండీ, రక్తపాతం ఎక్కువ. మీరు ఆడుకోండి.

మరి నెవర్‌హుడ్ సంగతి? మీ అమ్మాయి చూసింది అదేనని నా అనుమానం. దాన్ని రీమాస్టర్ చేయడం అనుకున్నంత తేలిక కాదు. లోపలి బొమ్మలన్నీ అప్పటి 640 బై 480 తెరకు సరిపడా తయారైనవి. మళ్లీ ఫోటో తీద్దామంటే మూడు టన్నుల మట్టి ఊరు అలాగే నిలబడి ఉండదు కదా. కంప్యూటర్లో గీసిన గేమ్‌కైతే అసలు ఫైలు ఉంటే పెద్ద సైజులో మళ్లీ తీయవచ్చు. మట్టికి ఆ అవకాశం లేదు, ఫోటోయే ఆఖరు. పైగా డ్రీమ్‌వర్క్స్ ఇంటరాక్టివ్‌ను 2000లో ఈఏ అనే పెద్ద గేమ్ కంపెనీ కొనేసింది. ఇలాంటి చేతుల మార్పిళ్లలో పాత గేములు ఏ బీరువాలో పడతాయో తెలియదు. వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ వాళ్లు 2023లో లెక్క తీస్తే, అమెరికాలో 2010కి ముందు వచ్చిన గేముల్లో 87 శాతం అమ్మకంలోనే లేవు. అక్కడే అలా ఉంటే రీమాస్టర్ బాగాలేదని నేను గొణగడం ఒకరకంగా కడుపు నిండిన బేరమే.

దారి ఉంది. స్కమ్‌వీఎం అనే ఉచిత ప్రోగ్రామ్ ఒకటి ఉంది, 2001 నుంచి ఔత్సాహికులు నడుపుతున్నారు. పాత అడ్వెంచర్ గేముల ఫైళ్లు ఇస్తే ఇప్పటి కంప్యూటర్లో, ఫోన్లో కూడా ఆడిస్తుంది. నెవర్‌హుడ్‌ను కూడా ఆడిస్తుంది. ఫైళ్ల కోసం అసలు సీడీ కావాలి. నేను పాత కాపీ సీడీ పాపం కడుక్కోవడానికి, బయటి దేశంలో ఉన్న మా బావమరిది చేత సెకండ్ హ్యాండ్‌లో ఒరిజినల్ తెప్పించుకున్నాను. పెట్టె నలిగిపోయింది, సీడీ బాగుంది. మీ ల్యాప్‌టాప్ పదేళ్ల నాటిదైనా సరిపోతుంది, దాని గురించి బెంగ వద్దు.

సీడీ దొరకకపోతే ఏం కొనొచ్చు? అదే బృందంలోని కొందరు జనం దగ్గర చందా వేయించి, 2013లో తొమ్మిది లక్షల డాలర్లకు పైగా పోగుచేసి, 2015లో ఆర్మిక్రాగ్ అని తెచ్చారు. మట్టి అద్భుతం, సంగీతం మళ్లీ టేలరే. ఆట మాత్రం పొట్టి, చిక్కుముళ్లు తిప్పి తిప్పి అవే. సేల్‌లో వస్తే కొనండి, పిల్లలకు బాగానే ఉంటుంది. స్వీడన్ వాళ్ల డ్రీమ్ మెషీన్ మట్టి, అట్టముక్కలతో చేసిన గొప్ప పని, 2010 నుంచి 2017 దాకా భాగాలుగా వచ్చింది. కానీ పెద్దవాళ్ల కథ, పాపకు వద్దు. 2024లో జర్మనీ వాళ్ల హెరాల్డ్ హాలిబట్ వచ్చింది. బొమ్మలు, గదులు, కుర్చీలు అన్నీ చేత్తో చేశారు, పదేళ్లు పైగా పట్టింది. అయితే చేసిన బొమ్మలను స్కాన్ చేసి కంప్యూటర్లో కదిలించారు. చూడటానికి ముచ్చటగా ఉంది కానీ ఆ ఉడుకు లేదు. చర్మం కదలదు. నాకు ఏదో తక్కువైనట్టే అనిపించింది, మా ఆవిడకు మాత్రం అదే నచ్చింది.

ప్లాటిపస్ అని 2002 నాటి విమానాల గేమ్ ఉంది, న్యూజీలాండ్ మనిషి ఆంథనీ ఫ్లాక్ చేసింది. అతని దగ్గర ఉన్నది కొన్ని కడ్డీల క్లే మాత్రమే. అదే ముద్దను పిసికి మళ్లీ మళ్లీ వాడేసరికి రంగులన్నీ కలిసి బూడిదాకుపచ్చ అయిపోయింది. ఇంక చేసేది లేక ఫోటోలు తీశాక కంప్యూటర్లో రంగులు వేశాడు. దాన్నిప్పుడు 'ప్లాటిపస్ రీక్లేడ్' పేరుతో మళ్లీ చేశారు. మీ పాపకు మొదట ఇదే పెట్టండి. ఆడటానికి తేలిక, పైగా తన క్లే డబ్బా వారంలో ఏ రంగుకు వస్తుందో ముందే తెలుస్తుంది.

ఇక ఇంట్లో తీయడం. తీయగలరు. కానీ మీది గుంటూరు, తీయాలనుకుంటున్నది వేసవిలో. అదే అసలు టెన్షన్.

వినాయక చవితికి వాడే బంకమన్ను దీనికి పనికిరాదు. ఆరుతుంది, మోచేతి దగ్గర పగులుతుంది. కావాల్సింది నూనె కలిసిన క్లే, స్టేషనరీ షాపుల్లో పిల్లల క్రాఫ్ట్ కోసం అమ్మేది. 1897లో ఇంగ్లండ్‌లో విలియం హార్బట్ అనే డ్రాయింగ్ మాస్టారు తన విద్యార్థుల కోసం కనిపెట్టిన ప్లాస్టిసీన్ జాతిది. ఎన్నాళ్లైనా ఆరదు. కానీ వేడికి మెత్తబడుతుంది. రోహిణి కార్తెలో రోళ్లే పగులుతాయంటారు, ఇదెంత?

నాకు జరిగింది వినండి. ఒక పచ్చళ్ల షాపు వాళ్లకు ఇరవై సెకన్ల యాడ్ ఒప్పుకున్నాను. గోంగూర జాడీకి కాళ్లూ చేతులూ వచ్చి, నడిచి వెళ్లి వేడన్నం ముద్దను కౌగిలించుకోవాలి. 240 ఫ్రేములు. మే నెల, సత్యనారాయణపురంలో మా ముందు గది. ఫ్యాన్ వేస్తే సెట్టు మీది కాగితం తోరణం ఊగుతుంది, వేయకపోతే నేను పోతాను. ఫ్యాన్ ఆపి, తలకు తడి తువ్వాలు చుట్టుకుని మొదలుపెట్టాను. పొద్దున తీసిన నలభై ఫ్రేములు మధ్యాహ్నం ఆడించి చూస్తే, నేను కదపకుండానే జాడీ చేతులు కిందికి జారుతూ ఉన్నాయి. ఫ్రేముకు ఫ్రేముకు మధ్య ఎండకు కరిగి వాలిపోతున్నాయన్నమాట. సరే, అలాగే లాగించాను. 170వ ఫ్రేము దగ్గర కరెంటు పోయింది. నలభై నిమిషాలకు వచ్చింది, వోల్టేజీ తగ్గి. కంటికి తేడా తెలియలేదు, కెమెరాకు తెలిసింది. ఆడిస్తే జాడీ సగం దారిలో ఎవరో లైటార్పినట్టు నల్లబడింది. అక్కడి నుంచి మొత్తం మళ్లీ తీశాను. వాలిపోయిన చేతులను మాత్రం షాపాయన మార్చనివ్వలేదు. "పాపం ఎండకి సోలిపోయిందండీ, మన జాడీయే" అన్నారు.

కాబట్టి మీరు పొద్దున్నే ఆరింటికి మొదలుపెట్టి ఎనిమిదిన్నరకు ఆపేయండి. కిటికీ వెలుగు వాడొద్దు. మబ్బు వచ్చిపోతే ప్రతి ఫోటోలో తేడా పడుతుంది. తెరలు వేసి, ఇన్వర్టర్ లైన్ మీద ఉన్న రెండు ఎల్‌ఈడీ బల్బులు చాలు. బొమ్మ మెత్తబడితే పది నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టండి, ఫ్రీజర్‌లో కాదు, చెమట పట్టి మెరుస్తుంది. ముదురు రంగు చొక్కా వేసుకోండి. తెల్ల చొక్కా మీది వెలుగు బొమ్మ మీద పడుతుంది, మీరు వంగినప్పుడల్లా సెట్టు వెలుతురు మారుతుంది. ఇది నాకు తెలియడానికి రెండేళ్లు పట్టింది.

ఫోన్ చాలు. స్టాప్ మోషన్ స్టూడియో అనే యాప్ వేసుకోండి. వెనకటి ఫ్రేము పల్చగా నీడలా కనిపిస్తుంది కాబట్టి ఎంత కదిపామో తెలుస్తుంది. అందులో ఫోకస్, ఎక్స్‌పోజర్, రంగు మూడూ లాక్ చేయండి. లేకపోతే ఫోన్ తన తెలివి తను చూపిస్తుంది. ఫోన్‌ను చేత్తో పట్టుకోవద్దు. స్టాండ్ లేకపోతే రెండు ఇటుకల మధ్య బిగించి టేపు వేయండి. ఫోటో నొక్కడానికి చెవిలో పెట్టుకునే హెడ్‌ఫోన్ బటన్ పనికొస్తుందేమో చూడండి, తెర తాకితే కదులుతుంది.

బొమ్మ లోపల ఏమీ లేకుండా ముద్ద చేస్తే నిలబడదు. సన్న అల్యూమినియం తీగను రెండు పేటలుగా మెలిపెట్టి ఎముకలు చేయండి. తల కోసం వంటింటి ఫాయిల్ ఉండలా చుట్టి పైన పల్చగా క్లే మెత్తండి, బరువు తగ్గుతుంది. మనకు పక్కనే కొండపల్లి ఉంది. అక్కడి బొమ్మ అందుకే అంత తేలిక, లోపల తెల్ల పొణికి కర్ర. కాళ్లూ చేతులూ విడిగా చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. సెలవుల్లో ఒక రోజు పాపను తీసుకెళ్లి చూపించండి. అవయవాలు విడివిడిగా ఆలోచించడం అక్కడ పావుగంటలో వస్తుంది.

మాటలు కావాలంటుంది, ఖాయం. నోళ్లు విడిగా ఓ ఆరు చేసి మార్చి మార్చి అతికించాలి. ఇంగ్లిష్ వీడియోల్లో చూపించే నోళ్ల పట్టీ గుడ్డిగా వాడొద్దు. మన అచ్చుల ప్రకారం చేసుకోండి. ఆ, ఇ, ఉ, ఎ, ఒ అనే ఐదు నోళ్లు, పెదవులు మూసింది ఒకటి. ప, బ, మ వచ్చిన ప్రతిచోటా మూసిన నోరు పడాల్సిందే, 'అమ్మ' అన్నప్పుడు పెదవులు కలవకపోతే ఎవరికైనా దొరికిపోతాం. తెలుగు మాట ఎక్కువగా అచ్చుతోనే ఆగుతుంది కాబట్టి నోరు తెరిచి ఆపితే చాలా చోట్ల సరిపోతుంది. ఆ సుఖం ఇంగ్లిష్ వాళ్లకు లేదు.

మొదటి రోజే కథ వద్దు. ఒక ఉండ దొర్లి, ఆగి, రెండు కళ్లు తెరవాలి. ఐదు సెకన్లు, అరవై ఫోటోలు. అది ఆడించి చూసినప్పుడు పాప ముఖం చూడండి, ఆ తర్వాత మీరు ఆపమన్నా ఆపదు. వేలిముద్రలు పడ్డాయని తుడుస్తూ కూర్చుంటే మాత్రం ఆపండి.

ఇంకొక్కటి, నెవర్‌హుడ్ దొరికితే గుర్తుంచుకోండి. గేమ్ మొత్తంలో హీరో చచ్చిపోయే చోటు ఒక్కటే, ఒక పెద్ద తూము లాంటి గొయ్యి. పక్కనే దూకొద్దని బోర్డులు పెట్టి ఉంటాయి. మీ అమ్మాయి దూకుతుంది. దానికి ముందే గేమ్ సేవ్ చేసి ఉంచండి.